ముఖం చూడకు, నలుపు చూడు

“లైటు వెయ్యకండి!”

నిస్సీ అరిచిన అరుపుకి సి.ఐ. శ్రీనాథ్ చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది. హత్యాయత్నం కేసులో పట్టుకొచ్చిన పిల్ల, పొద్దున్నుంచి అడిగినదానికి తప్ప పెదవి విప్పని పిల్ల, ఇప్పుడు పోలీసాయన్నే గుడ్లురిమి చూస్తోంది. ఆమె ముందు బల్ల మీద, ఎర్ర బల్బు వెలుగులో, ఫొటో పేపరు పెట్టె మూత తీసి ఉంది. ఆ అరుపు తన కోసం కాదని, ఆ పెట్టె కోసమని నాకు వెంటనే అర్థమైంది. శ్రీనాథ్‌కి అర్థం కాలేదు.

నా పేరు దుర్గాభవాని. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీకి చావు క్లెయిములు తనిఖీ చేసి, ఆ తర్వాత ఏలూరులో డిటెక్టివ్‌నని సొంతంగా బోర్డు కట్టుకున్నాను. నిన్న రాత్రి నిస్సీ చిన్నాన్న విజయ్ కుమార్ మా ఇంటికొచ్చి బావురుమన్నాడు. “మా అన్నయ్య కూతురండీ. నా చేతుల మీద పెరిగిన పిల్ల. దానితో శనివారం మాట్లాడిందే ఆఖరు. మీరే గట్టెక్కించాలి. ఆ గదిలో ఏ కాగితం ముక్క దొరికినా ముందు నాకు చెప్పండి” అన్నాడు. ఆ చివరి మాట విన్నాను గానీ పట్టించుకోలేదు. మగవాడు ఏడుస్తుంటే నా బుర్ర కాసేపు మొద్దుబారుతుంది. అదొక జబ్బు నాకు.

కేసు ఇదీ. నెల్సన్ మాస్టారు డెబ్భై దాటిన ఫొటోగ్రాఫరు. ఊరంతా సెల్‌ఫోన్లు ఎత్తుకున్నా ఆయన మాత్రం స్టూడియో వెనక చీకటిగదిలో నలుపు తెలుపు ఫొటోలు చేత్తో ప్రింటు వేయడం మానలేదు. మండవల్లిలో స్కూలు టీచరైన నిస్సీ ఈమధ్య ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే వచ్చి ఆయన దగ్గర ఆ పని నేర్చుకుంటోంది. నిన్న సాయంత్రం మాస్టారు అదే గదిలో రాతి తొట్టి పక్కన నెత్తుట్లో పడి ఉన్నారు. చూసి కేకలు పెట్టింది నిస్సీయే. తొట్టి అంచుకి తల రెండుసార్లు కొట్టుకుందని డాక్టరు చెప్పాడు. జారిపడ్డ మనిషి తల రెండుసార్లు కొట్టుకోదు. ఆయన ఇంకా స్పృహలోకి రాలేదు. ఆ గదిలోకి నిస్సీ తప్ప ఇంకెవరూ వెళ్ళడం చూడలేదని ముందు వీధిలో కొట్లవాళ్ళు చెప్పారు. శ్రీనాథ్‌కి అంతకంటే ఏం కావాలి?

“సాయంత్రం కోర్టులో పెట్టేస్తానండీ భవాని గారూ. ఈలోపు మీ ముచ్చట తీర్చుకోండి” అన్నాడు.

ఆయన మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. ఇన్సూరెన్సు రోజుల్లో ఆయన ప్రమాదమని మూసేసిన చావొకటి హత్య అని నేను తేల్చాను. అప్పట్నుంచి ఆ మెత్తదనం ఇంకాస్త పెరిగింది.

“నిస్సీ, నాకేమీ తెలీదనుకో. మాస్టారు నీకు నేర్పినట్టే నాకూ నేర్పు” అన్నాను.

ఆమె శ్రీనాథ్ వైపు ఒకసారి చూసి, పనికి దిగింది. ఎర్ర వెలుగులో ముగ్గురి ముఖాలూ ఒకేలా ఉన్నాయి. కొత్తగా మందులు కలిపి మూడు ట్రేలు వరసగా పెట్టింది.

“మొదటిది డెవలపరండీ. బొమ్మ ఇందులోనే తేలుద్ది. రెండోది పుల్లనీళ్ళు. మూడోది హైపో, బొమ్మ చెరగకుండా నిలబెట్టేది. హైపోలో నానేదాకా ఈ పేపరు తెల్లలైటు చూడకూడదు.”

“చూస్తే?”

“చచ్చిపోద్దండీ.”

పైన బొమ్మని పెద్దది చేసే ఎన్‌లార్జర్‌లో చేపల బుట్టల నెగటివ్ ఒకటి పెట్టి, పెట్టెలోంచి పేపరు తీసి దాని కింద పరిచి, పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టి, డెవలపర్‌లోకి జారవిడిచింది. ట్రే అంచు పట్టుకుని నెమ్మదిగా ఊపుతుంటే నేను వంగి చూశాను. చేపలు రాలేదు. బుట్టలూ రాలేదు. కాగితమంతా పలక రంగుకి తిరిగి, చూస్తుండగానే నల్లబడిపోయింది.

నిస్సీ చెయ్యి ఆగిపోయింది. గబగబా ఇంకో పేపరు తీసి, వెలుగేమీ చూపించకుండానే ట్రేలో వేసింది. అదీ నల్లబడింది. పెట్టె అడుగు నుంచి ఇంకోటి తీసింది. అదీ అంతే.

“మొత్తం పోయింది” అంది. “ఎవరో పెట్టెకి లైటు చూపించేశారు. మొత్తం పోయిందండీ.” నిన్నటి నుంచి పోలీసులు ఎన్ని మాటలన్నా ఏడవని పిల్ల, స్టూలు మీద కూలబడి పేపరు కోసం ఏడ్చింది.

నేను లేచి తెల్లలైటు వేశాను. ఈసారి ఎవరూ వద్దనలేదు.

“శ్రీనాథ్ గారూ, నిన్న మీరొచ్చేసరికి ఈ పెట్టె మూత?”

“తీసుంది. పేపర్లు బల్లంతా పరుచుకుని ఉంటే మా వాళ్ళే సర్ది మూశారు.”

“లైటు?”

“ఇదే వెలుగుతోంది.”

“మొదటి ట్రేలో?”

“నల్ల కాగితం ఒకటి. చెత్త.”

“చెత్త కాదండీ, ఫొటో. మాస్టారు దాన్ని డెవలపర్‌లో వేశాక, హైపోకి చేరకముందే ఎవరో లోపలికొచ్చి తెల్లలైటు వేశారు. ఈ పని తెలిసినవాళ్ళెవరూ అలా వెయ్యరు. ఇందాక మీ చెయ్యి స్విచ్చి మీద పడగానే ఈ పిల్ల ఎలా అరిచిందో మీరే విన్నారు. పెట్టె అప్పటికే పాడైందని తెలిసుంటే అలా అరిచేదా?”

శ్రీనాథ్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించాడని ఒప్పుకోవాలి. “నటించిందేమోనండీ. ఏడుపులకి సర్టిఫికెట్లివ్వడం మీ పాత ఉద్యోగం, నాది కాదు. నా దగ్గర సాక్ష్యం ఉంది. నిన్న మధ్యాహ్నం ఈ అమ్మాయి వాళ్ళ చిన్నాన్నకి ఫోన్ చేసి, మాస్టారితో గొడవైంది, ఇంక ఊరుకునేది లేదు అందట. ఆయనే చెప్పాడు, ఏడుస్తూ చెప్పాడు పాపం.”

నిస్సీ తలెత్తింది. “చిన్నాన్న అలా చెప్పారా?”

నాకు ఒళ్ళు మండింది. నాతో శనివారమే ఆఖరన్న మనిషి, పోలీసులతో ఆదివారం ఫోన్ వచ్చిందంటాడా? ఒకే నోరు, రెండు మాటలు. పైగా రెండుచోట్లా అవే కన్నీళ్ళు.

“నిన్న ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమ్మా. అసలు ఈ పని నేర్చుకోవాలని నీకెందుకు పుట్టింది?” అని అడిగాను.

“మా నాన్న కోసమండీ. నేను అమ్మ కడుపులో ఉండగానే పనికని అండమాన్ వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయనది ఒక్క ఫొటోయే ఉంది. పాతబడిపోయింది. వెనకాల ఈ స్టూడియో ముద్ర ఉంటే, కొత్తది వేయించి అమ్మకిద్దామని వచ్చాను. నెగటివ్ వెతకాలి, టైము పడుద్ది, ఈలోపు పని నేర్చుకో, నువ్వే వేసుకుందువు గాని, అన్నారు మాస్టారు. సెల్‌లో తీసుకొచ్చిన ఆ ఫొటో ఒకరోజు చూపించాను. అది చూసి, నాన్న ఎక్కడున్నారని అడిగారు. అండమాన్‌లో అన్నాను. ఆ రోజు ఆయన టీ కూడా తాగలేదండీ.”

“తర్వాత?”

“నిన్న ఒక నెగటివ్ ఇచ్చి టెస్టు ముక్క వెయ్యమన్నారు. ముందు చిన్న ముక్క మీద కొంచెం కొంచెంగా వెలుగు పెంచుతూ వేసి చూస్తామండీ, ఎంత కావాలో తెలియడానికి. వేశాను. బాగా వచ్చింది. మాస్టారు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెద్దది నేను వేస్తాను, నువ్వెళ్ళి మీ అమ్మని తీసుకురా, ఆవిడే చూడాలి, అన్నారు.”

“ఆ నెగటివ్‌లో ఎవరున్నారు?”

“చూడలేదండీ.”

శ్రీనాథ్ నవ్వాడు. “ఫొటో వేసిందట, మనిషిని చూడలేదట!”

“మాస్టారు అలాగే నేర్పారండీ!” నిస్సీ గొంతు పెరిగింది. “ముఖం చూడకు, నలుపు చూడు, అనేవారు. ముఖం చూస్తే మనసు అటు పోద్ది, ఎక్కడ ఎంత నలుపుందో కనపడదు. ఎవరో మగమనిషి. అంతే తెలుసు నాకు.”

“అమ్మని తీసుకురమ్మన్నారని ఎవరికి చెప్పావు?” అని అడిగాను. నాకు కావలసింది ఆ ఒక్క జవాబే.

“చిన్నాన్నకేనండీ. కారుంది కదా, అమ్మని తీసుకొస్తారని. మాస్టారు పాత నెగటివ్ ఏదో తీశారు, అమ్మ చూడాలంటున్నారు, అన్నాను. తాడేపల్లిగూడెంలో ఉన్నాను, అమ్మని బస్సెక్కిస్తాను, నువ్వు బస్టాండులో కూర్చో, నేను చెప్పేదాకా కదలకు, అన్నారు. పొద్దువాలేదాకా కూర్చున్నానండీ. అమ్మ రాలేదు. ఫోన్ చేస్తే చిన్నాన్న ఎత్తలేదు. తిరిగొచ్చేసరికి మాస్టారు...”

“గొడవ సంగతి?”

“ఏ గొడవండీ?”

ఎన్‌లార్జర్‌లో నిన్నటి నెగటివ్ ఉందా అని శ్రీనాథ్‌ని అడిగాను. ఖాళీగా ఉందన్నాడు. వెనక సందులోకి తలుపుందని, దానికి గడియ సరిగా పడదని కూడా ఒప్పుకున్నాడు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి కారులో గంట చాలు. నిస్సీని బస్టాండులో కూర్చోబెట్టినవాడికి కావలసినంత టైముంది.

“టెస్టు ముక్క ఏం చేశావు?”

“కడిగి, ఆ పింగాణీ పలకల గోడకి అంటించాను.”

గోడ మీద ఏమీ లేదు. నిస్సీ దగ్గరికొచ్చి చూసి, “ఆరితే చుట్టుకుని పడిపోతాయండీ” అంటూ తొట్టికీ గోడకీ మధ్య సందులో వేళ్ళు పెట్టింది. చుట్టుకుపోయిన కాగితం ముక్క ఒకటి బయటికొచ్చింది. మూడు వేళ్ళ వెడల్పు. కనుబొమల దగ్గర్నుంచి ముక్కు కిందిదాకా ఒక మగవాడి ముఖం, ఎడమ పక్క వెలిసిపోయి, కుడి వైపుకి పోనుపోను నల్లబడుతూ ఉంది. కళ్ళు మూసుకున్నాడు. కుడి కనుబొమ మధ్యలో తెగిన గాటు.

“నిద్రపోతున్నాడు” అంది నిస్సీ. మరుక్షణం ఆ ముక్క మీద పెట్టిన వేలు వెనక్కి లాక్కుని ముఖం తిప్పేసుకుంది. “కాదండీ. ముక్కులో దూది ఉంది.”

శ్రీనాథ్ తొంగిచూసి పెదవి విరిచాడు. “శవం. పాత స్టూడియోల్లో ఇలాంటివి బుట్టలకొద్దీ ఉంటాయి. ఒక్క ఫొటో కూడా లేకుండా పోయినవాళ్ళకి ఇలా తీసి, ప్రింటు మీద సన్నకుంచెతో కళ్ళు దిద్దేవారు, బతికున్నట్టు. మా తాతగారి ఫొటో కూడా అలాంటిదే. హాల్లో ఉంది.”

“మాస్టారు చెప్పారండీ” అంది నిస్సీ. “కళ్ళు తెరిపించడం అంటారట. ఆ పనికి ఈయన దగ్గరికి చాలా ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళట.”

“ఇది నేను తీసుకెళ్తాను” అన్నాను.

“ఫ్రేము కట్టించుకోండి” అన్నాడు శ్రీనాథ్. “కోర్టు టైముకి మాత్రం నన్ను ఆపకండి. ఈ కేసు మీద మళ్ళీ నాకు ఫోన్ కూడా చెయ్యకండి.”

నిస్సీని జీపు ఎక్కిస్తుంటే ఆమె నావైపు తిరిగి, “అమ్మకి నేను బాగానే ఉన్నానని చెప్పండి మేడమ్” అంది.

*

మండవల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. విజయ్ కుమార్ చేపల చెరువుల గట్టు పక్కనే నిస్సీ వాళ్ళ ఇల్లు. నిస్సీ తల్లి వరమ్మ గుమ్మంలోనే ఉంది. నిన్నటి నుంచి అక్కడే కూర్చుందని ముఖం చూస్తే తెలుస్తోంది.

“మా పిల్ల తిన్నదాండీ?” అంది, నేనెవరో చెప్పగానే.

“తిన్నదండీ. బాగానే ఉంది. నిన్న మీ మరిదిగారు మిమ్మల్ని ఏలూరు బస్సెక్కించాలని ఏమైనా అన్నారా?”

“లేదండీ. నిన్నంతా అసలు ఇంటికే రాలేదు. గూడెంలో చేపల మేత కొనడానికి వెళ్ళాడనుకుంటున్నాను.”

లోపలికి వెళ్ళాను. శిలువ పక్కన గోడకి ఫొటో ఉంది. దండ లేదు. కొవ్వొత్తీ లేదు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు ఆ మనిషికి. చొక్కా మెడదాకా గుండీలు పెట్టి ఉంది. కుడి కనుబొమ మధ్యలో తెగిన గాటు. రెండు కళ్ళూ తెరుచుకుని, నన్ను కాకుండా నా వెనకెక్కడో చూస్తున్నాయి. చాప మీద కూర్చుండిపోయాను.

“మా ఆయనండీ, మత్తయి” అంది వరమ్మ. “నిస్సీ ఏడో నెల కడుపులో ఉంది. ఈ చెరువు అన్నదమ్ములిద్దరూ కలిసే తవ్వారు. వాటాల కొలతల దగ్గర మాటా మాటా అనుకున్నారు. తర్వాత మళ్ళీ కలిసిపోయి, అండమాన్‌లో పనుందని ఇద్దరూ పొద్దున్నే బయల్దేరారు. మర్నాడు మా మరిది ఒక్కడే వచ్చాడు. రైలెక్కించాను వదినా అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఏలూరులో ఫొటో దిగి నీకివ్వమన్నాడని, వారం తర్వాత ఇది తెచ్చిచ్చాడు.”

“తర్వాత ఉత్తరం గానీ, ఫోన్ గానీ?”

“ఏమీ లేదండీ. పోయుంటాడని ఊళ్ళో అన్నారు. పాస్టరుగారు కూడా మెల్లగా చెప్పి చూశారు. నేను ఒప్పుకోలేదు. పోయినోడు ఫొటో దిగుతాడా అండీ? సమాధుల పండక్కి అందరూ సున్నాలు వేసి పూలు పెట్టుకుంటుంటే నేను ఇంట్లోనే ఉంటాను. నాకు సమాధి లేదుగా. వెళ్తే ఆయన్ని నేనే చంపుకున్నట్టు ఉంటుంది.” తనలో తాను అనుకుంటున్నట్టు అంది. “మెడ గుండీ మాత్రం ఎప్పుడూ పెట్టేవాడు కాదండీ, ఊపిరాడదనేవాడు. ఫొటోకని పెట్టాడేమో. కళ్ళు కూడా అదోలా ఉన్నాయనిపించేది. అంత దూరం పోతున్నాడుగా, ఆ దిగులేమో అనుకున్నాను.”

మెడ గుండీ ఎందుకు పెట్టారో నాకు తెలిసిపోయింది. ఆ చొక్కా కింద మెడ మీద ఏముందో ఫొటో తీసిన నెల్సన్‌కి కూడా కనపడి ఉండదు. ఫొటో లేకుండా పోయిన అన్నకి కళ్ళు తెరిపించమని ఒక తమ్ముడు శవాన్ని తెచ్చాడు. అది ఆయన రోజూ చేసే పనే. ఈ ఇంట్లో ఆ మనిషి బతికే ఉన్నాడని చెప్పారని, ఈ పిల్ల సెల్‌లో ఫొటో చూపించి అండమాన్ అనేదాకా ఆయనకి తెలీదు. తెలిశాక నోటితో చెప్పే ధైర్యం చాలక, నెగటివ్ ఆ పిల్ల చేతికే ఇచ్చాడు. ఆ పిల్ల నలుపు చూసింది. ఆయన నేర్పినట్టే, ముఖం చూడలేదు. కన్నతండ్రి ముఖాన్ని మొదటిసారి తన చేతులతో తేల్చి, పోల్చుకోలేకపోయింది.

చెప్పకుండా వెళ్ళిపోదామా అనిపించింది. కానీ చెప్పకపోతే సాయంత్రానికి కూతురు జైల్లో ఉంటుంది. సంచిలోంచి కాగితం ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

వరమ్మ దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసింది. లేచి వెళ్ళి ఫొటో పక్కన పెట్టింది. తర్వాత ఫ్రేము అద్దం మీద, తెరిచి ఉన్న ఆ రెండు కళ్ళ మీదా అరచెయ్యి ఆనించి మూసింది. కింద మిగిలిన ముక్కూ, కాగితంలోని ముక్కూ ఒక్కటే. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

“గాటు నేను పెట్టిందేనండీ” అంది. “పెళ్ళయిన కొత్తలో, కోతల్లో, నా కొడవలి తగిలి.”

నేను ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆవిడ ఏడవలేదు. “అయితే నాకూ సమాధి ఉండుండాలి. ఎక్కడండీ?”

నా ఫోన్ మోగింది. విజయ్ కుమార్.

“మేడమ్, దేవుడు కరుణించాడండీ. మాస్టారు కళ్ళు తెరిచారు.” గొంతులో అదే తడి. “నేను ఆసుపత్రిలోనే ఉన్నాను, పక్కనే కూర్చున్నాను. ఆయనేదో చెప్పాలని చూస్తున్నారు, మాట రావట్లేదు. కానిస్టేబులు భోజనానికెళ్ళాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. ఇంతకీ ఆ గదిలో ఏమైనా దొరికిందా అండీ?”

ఆసుపత్రి నాకు గంటకి పైగా దూరం. శ్రీనాథ్ దానికి పక్క వీధిలోనే ఉంటాడు, కానీ ఈ ఫోన్ పెట్టేసి ఆయనకి చేసేలోపు ఒక దిండు చాలు. మాస్టారి నోరు మూయించడం ఇంక దండగని వీడికి ఇప్పుడే, ఈ క్షణమే తెలియాలి. దానికి ఒకటే దారి ఉంది. ఆ దారి ఎవరి మీదకి వస్తుందో తెలిసి కూడా నోరు విప్పాను.

“దొరికిందండీ. టెస్టు ముక్క. మీరు నెగటివ్ పట్టుకెళ్ళారు గానీ, ముక్క సంగతి మీకు తెలీదు పాపం. ఇప్పుడది మండవల్లిలో, మీ వదినగారి చేతిలో ఉంది. ఆవిడ పోల్చుకున్నారు. ఇంక మాస్టారు చెప్పాల్సిందేమీ మిగల్లేదు.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు. మెట్ల మీద అడుగులు. కాసేపటికి కారు స్టార్టయిన చప్పుడు విన్నాక లైను తెగింది.

శ్రీనాథ్‌కి చేశాను. మూడుసార్లు కట్ చేశాడు. నాలుగోసారి ఎత్తాడు.

“వద్దన్నానుగా అండీ...”

“నెల్సన్ గారు కళ్ళు తెరిచారు. నిస్సీ చిన్నాన్న ఇందాకటిదాకా ఆయన పక్కనే ఉన్నాడు. ఇప్పుడు మండవల్లి వస్తున్నాడు, నా కోసం, వాళ్ళ వదిన కోసం. ఆ శవం వీడి అన్న మత్తయిది, కళ్ళు దిద్దిన ఫొటో ఇక్కడ గోడ మీదే ఉంది. మీ తాతగారి ఫొటో గుర్తుందిగా?”

ఈసారి ఆయన గొంతులో మెత్తదనం బొత్తిగా లేదు. “తలుపులేసుకోండి. బయల్దేరుతున్నా.”

వీధి తలుపు మూయబోయాను. వరమ్మ వచ్చి నా చెయ్యి తీసేసింది. తలుపు బార్లా తెరిచి, కుర్చీ తెచ్చి రోడ్డు కనపడేలా వేసుకుని, కాగితం ముక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“తలుపెందుకండీ వెయ్యడం?” అంది. “రానివ్వండి. ఆయన్ని ఎక్కడ పెట్టాడో వాడొక్కడికేగా తెలుసు.”